అమ్మ దగ్గరి తాళంచెవులు

మొన్న సోమవారం మా అమ్మాయి కాలేజీ నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా, ఫస్టియర్ ల్యాబులో తను చేసిన మొట్టమొదటి వెబ్ పేజీని ఫోనులో నా ముందు పెట్టింది. నీలం రంగు మీద పసుపు అక్షరాలు, మధ్యలో ఒక పట్టిక, అడుగున తన పేరు. నువ్వూ ఇదే యూనివర్సిటీలో ఇదే కోర్సు చదివావు కదా, నీ మొదటి పేజీ దేని గురించి అని అడిగితే గుర్తు లేదన్నాను. నాకు అబద్ధమాడటం చేతకాదని ఇంట్లో వాళ్ళందరి నమ్మకం గాని, ఈ ఒక్క అబద్ధం మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా నాకు బాగా అలవాటైపోయింది. బాల్కనీలో కూర్చుని కరివేపాకు దూస్తున్న మా అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

నా ఈడు వాళ్ళకి వేరే చెప్పనక్కర్లేదు. ఫ్లాపీని చేతిరుమాల్లో చుట్టి, ఎండ తగలకుండా సంచి అడుగున దాచుకుని, ల్యాబు గుమ్మం ముందు చెప్పులు వదిలి లోపలికి వెళ్ళిన కాలం అది. డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో, అంటే హిందీ మాట్లాడే ఊళ్ళో రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపు కాలనీలో, మా నాన్న ఫిట్టరు. ఆడపిల్ల బి.ఏ. చదివి టైపు నేర్చుకుంటే చాలని ఆయన అభిప్రాయం. అమ్మ పదిరోజులు అన్నం సరిగ్గా తినకుండా సాధించి నన్ను ఆ కంప్యూటరు కోర్సులో చేర్పించింది. నాన్న ఒప్పుకుంటూ ఒకే ఒక షరతు పెట్టాడు. ఆ కంప్యూటరు మూలంగా ఇంటికి ఏ చిన్న మాట వచ్చినా సరే, మర్నాటి నుంచి చదువు బందు. ఆయన అన్నమాట తప్పే మనిషి కాడు.

కాలనీలో మన తెలుగువాళ్ళం, ముఖ్యంగా శ్రీకాకుళం వాళ్ళం, వేసవి వచ్చిందంటే రైల్వే పాసులు తీసుకుని వంతులవారీగా ఊళ్ళకి వెళ్ళేవాళ్ళం. వెళ్ళేముందు రామమందిరం వరండాలోని నల్లబల్ల మీద ఎవరింటివాళ్ళు వెళ్తున్నారు, క్వార్టరు నంబరెంత, ఎప్పుడు తిరిగొస్తారు, తాళంచెవి ఎవరి దగ్గర పెట్టారు అన్నవి సుద్దముక్కతో రాసిపోవడం మా ఆనవాయితీ. ఉత్తరం వస్తే తీసి ఉంచాలన్నా, తులసికి నీళ్ళు పొయ్యాలన్నా, వర్క్‌షాపు నుంచి కబురొస్తే అందించాలన్నా ఆ బల్లే ఆధారం. తాళంచెవులు చాలామటుకు మా అమ్మ దగ్గరే ఉండేవి. మా వంటింటి తలుపు వెనక ఒక చెక్కకి పదకొండు మేకులు కొట్టి ఉండేవి, మే నెల వచ్చేసరికి వాటిలో ఖాళీ మేకు కనబడేది కాదు. అమ్మకి చదువు రాదు, నగా నట్రా లేవు, కాని ఆ చెక్క ముందు నిలబడ్డప్పుడు ఆమెలో ఒక పెద్దరికం కనిపించేది.

మొదటి ఏడాది చివర మా సారు, మీ బస్తీకి పనికొచ్చే విషయం మీద ఒక పేజీ చెయ్యమన్నారు. నాకు మరొకటి తోచనే లేదు. నల్లబల్లని ఉన్నదున్నట్టు ఎక్కించేశాను. అప్పట్లో తెలుగు అక్షరాలు సరిగ్గా వచ్చేవి కావు గనుక అంతా ఇంగ్లీషులోనే, నీలం రంగు పట్టికలో: పేర్లు, క్వార్టర్లు, తారీఖులు, తాళంచెవి ఉన్న ఇల్లు. పైన పరిగెత్తే అక్షరాలతో స్వాగతం, అడుగున నా పేరు, దాని కింద చూసినవాళ్ళ సంఖ్య చూపించే చిన్న పెట్టె. ఉచితంగా చోటిచ్చే సైటులో దాన్ని పెట్టినరోజు నేను నేలమీద నడవలేదు. సారు మాత్రం కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూసి, "యే తారీఖే అస్లీ హై క్యా?" అని అడిగారు. నిజమైనవే సార్ అన్నాను గర్వంగా. ఇక్కడ పెట్టడమంటే చౌరస్తాలో వేలాడదీయడమే, పేర్లూ తారీఖులూ ఇవాళే మార్చెయ్యమని హిందీలో మందలించి పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయారు. మార్చేస్తే నిజమైన పని చేశానని చెప్పుకోవడానికేముంటుందని నాకు ఉక్రోషం. మార్కులు పడ్డాక చూద్దాంలే అనుకున్నాను.

ఆ పేజీని నేను తెరిచింది మహా అయితే అయిదారుసార్లు. కాలనీలో ఎవరింట్లోనూ కంప్యూటరు లేదు. అయినా అడుగున అంకె పెరుగుతూ వచ్చింది. ఒక వారం ఇరవై, మరుసటి వారం అరవై. ఇంటర్నెట్ కెఫేలో కూర్చుని ఆ అంకె చూసుకుని మురిసిపోయేదాన్ని. ఆ చూస్తున్నవాళ్ళెవరు అన్న ప్రశ్న నాకు ఒక్కసారైనా రాలేదంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్ళు మండుతుంది.

మే రెండోవారంలో ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ మంచి హుషారుగా ఉంది. ఎదురింటి అత్తయ్య, అంటే అమ్మకి తోడబుట్టినదానికంటే ఎక్కువైన మనిషి, అప్పటికి ఊరెళ్ళి నాలుగు రోజులైంది. ఆవిడ ఆడపడుచు కొడుకునంటూ భిలాయి నుంచి ఒక కుర్రాడు వచ్చాడట. అత్త ఇరవైనాలుగున వస్తుంది, చాబీ మీ దగ్గరే ఉందని చెప్పింది, ఒక సంచీ తెమ్మంది అన్నాడట. ఇంటాయన పేరు, క్వార్టరు నంబరు, తారీఖు, ఏదీ తప్పు పోలేదు. మా వాళ్ళలో అన్ని సంగతులు తెలిసినవాడు మనవాడే. అంతకుమించి ఎవరినీ రుజువు అడిగి ఎరగరు. అమ్మ వాడికి స్టూలు వేసి, మజ్జిగ ఇచ్చి, తాళంచెవి తీసి ఇచ్చింది. వాడు అరగంటలో వచ్చి, తాళంచెవి తిరిగి ఆమె చేతిలో పెట్టి, దణ్ణం పెట్టి మరీ వెళ్ళాడు.

వచ్చినప్పుడు వాడి చేతిలో ఏమైనా ఉందా అని అడిగాను. ఏదో కాయితం చూసి చెప్పాడంది అమ్మ. ఆ వివరాలన్నీ ఒక్కచోట ఎక్కడున్నాయో నాకు తెలుసు. ఆ సాయంత్రమే కెఫేకి పరిగెత్తి పేజీ తీసేశాను. తీసేముందు అడుగున అంకె నూట పన్నెండు.

ఇరవైనాలుగుకి ఇంకా పది రోజులుంది. ఆ పది రోజులూ నా జీవితంలో మళ్ళీ రాకూడని రోజులు. వర్క్‌షాపు సైరను మోగగానే, నాన్న వచ్చేలోగా పుస్తకం ముందేసుకుని కూర్చునేదాన్ని. ఎదురింటి తలుపుకి తాళం చెక్కుచెదరకుండా వేలాడుతూ ఉండేది. అమ్మ రోజూ వెళ్ళి ఆ వాకిలి చిమ్మి, తులసికి నీళ్ళు పోసి వచ్చేది. ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. చెబితే నాన్నకి తెలుస్తుంది, నా చదువు ఆగిపోతుంది. చెప్పకపోతే అమ్మ ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే ఊరుకున్నాను.

అత్తయ్య వచ్చింది. తల్లి ఇచ్చిన కాసులపేరు లేదు, వెండి కంచం లేదు, ఆఖరికి కొత్త కుక్కరు కూడా లేదు. పగలగొట్టిన తాళం లేదు గనుక వేళ్ళన్నీ మా చెక్క వైపే తిరిగాయి. అమ్మని రెండుసార్లు ఠాణాకి పిలిచారు. వచ్చినవాడి చేతిలో ఏముందని అడిగితే, చూళ్ళేదని చెప్పిందట. అంత భయంలో మరిచిపోయిందనుకుని, సిగ్గులేకుండా ఊపిరి పీల్చుకున్నాను. అత్తయ్య ఒక్క మాటైనా అనలేదు. మరుసటి వేసవిలో తాళంచెవి మాత్రం వేరే ఇంట్లో ఇచ్చి వెళ్ళింది. ఆమెను చూసి తక్కినవాళ్ళూ అంతే. పదకొండు మేకులూ ఒక్కొక్కటిగా బోసిపోయాయి. నేను ఫస్టుక్లాసులో పాసై ఉద్యోగం తెచ్చుకున్నాను.

మొన్న రాత్రి భోజనాలయ్యాక అమ్మ పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆమె అంతా విని, లేచి వెళ్ళి తన ట్రంకుపెట్టెలోంచి నాలుగు మడతల కాయితం ఒకటి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నీలం వెలిసిపోయినా పట్టిక తెలుస్తూనే ఉంది. వాడు మజ్జిగ గ్లాసు కింద మరిచిపోయిన పర్చీ అది, నా పేజీకి తీసుకున్న ప్రింటు.

"అచ్చరం ముక్క రాదు గాని, నీ పేరు ఇంగ్లీషులో ఎలాగుంటాదో నాకు తెల్దేటే? నీ పరీచ్చ కార్డు రోజూ దేవుడి దగ్గరెట్టీదాన్ని గదా. ఆ రోజు నీ మొకం చూసేక అంతా తెలిసిపోయింది. ఠాణాలో ఇది సూపిస్తే మీ నాన్న నీ సదువు మానిపించేసేవోడు అమ్మీ."

నాకు ఏడుపు ఆగలేదు. ఎదురింటి అత్తయ్య పోయి ఆరేళ్ళయింది, ఇక ఆవిడకి చెప్పుకునే దారి లేదు. ఇప్పుడు మేముంటున్న ఈ మోవా పేట ఫ్లాట్లలో గేటు దగ్గర ఫోను నంబరు చెప్పి, దానికొచ్చిన అంకెలు చూపిస్తే గాని ఎవరినీ లోపలికి రానివ్వరు. మంచిదే, అలాగే ఉండాలి. కాని మా అంతస్తులో ఎవరు ఎప్పుడు ఊరెళ్తారో, ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదు. చెప్పుకోవడమే అపాయమని పిల్లలకి మనమే నేర్పాం. కాలనీ ఖాళీ చేసినప్పుడు అమ్మ ఆ చెక్కని వదల్లేక ఇక్కడికి తెచ్చి వంటింటి తలుపు వెనకే కొట్టించుకుంది. పదకొండు మేకుల్లో పది ఖాళీ, ఒకదానికి మా ఇంటి తాళంచెవే వేలాడుతోంది.