చట్టానికి గేటు పాస్

ఎనిమిదో తరగతిలో లెక్కల సారు నన్ను గేటు బయట నిలబెట్టారు. నేను అక్కడే స్థిరపడిపోయాను. ఇప్పుడు శేరిలింగంపల్లి వైపు ఓ పెద్ద అపార్టుమెంట్ల సముదాయానికి సెక్యూరిటీని.

మా గేటు మహా నిక్కచ్చి. ఎవరొచ్చినా ఫోటో తీసి ఫ్లాటు నంబరు కొడతాను. ఇంటాయన ఫోనుకు కబురు పోతుంది. ఆయన ఓకే నొక్కితేనే గేటుకు అడ్డంగా ఉన్న కర్ర లేస్తుంది. బిర్యానీకీ అంతే, పురోహితుడికీ అంతే.

మహిళా దినోత్సవం నాడు మా క్లబ్‌హౌసులో గృహహింస చట్టం మీద ఉపన్యాసం పెట్టారు. చివర్లో మా సెక్రటరీ గారు, కోస్తా నుంచి వచ్చిన మర్యాదస్థుడు, "మన కమ్యూనిటీలో ఇలాంటివి లేవండి" అని హామీ ఇచ్చారు. సమోసాలు మాత్రం బాగున్నాయి.

తర్వాతి వారమే ఓ పొద్దున ఒకావిడ ఆటో దిగి కార్డు చూపించింది. గృహహింస కేసులు చూసే రక్షణ అధికారి. మా దగ్గరి ఓ ఇల్లాలు, భర్త కొడుతున్నాడని హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసిందట. ఆమెను కలిసి ఫిర్యాదు రాసుకోవాలి. నేను అలవాటు కొద్దీ ఫోటో తీసి నంబరు కొట్టాను. కబురు పోయింది ఆ భర్తకే. ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకునే మనిషి, క్షణంలో వద్దని నొక్కాడు.

"ఏందన్నా, కొట్టెటోన్నే అడిగితివా, నన్ను రానియ్యాల్నా వద్దా అని?"

"రూల్ గదే మేడం. మా దగ్గర దొంగ గూడ ఇంటోళ్లు ఓకే అంటెనే వస్తడు."

ఆమె నవ్వలేదు. నేను సెక్రటరీ గారిని పిలిచాను.

"భార్యాభర్తల విషయమండి మేడమ్. కమిటీలో కూర్చోబెట్టి మేం సర్దిచెబుతాం. అమ్మాయిని నాలుగు రోజులు పుట్టింటికి పంపితే అన్నీ చల్లబడతాయండి."

"కొట్టినాయన ఇంట్ల, తన్నులు తిన్నామె బయట. మంచిగనే ఉంది మీ సర్దుడు! చట్టంల ముందు ఆమె పానం సార్, మీ పరువు కాదు."

"మా పాలసీ అండి..."

అంతలో ఆ ఇల్లాలే వచ్చింది. కొత్తిమీర తెస్తానని చెప్పి దిగిందట. ఎండాకాలంలో నిండు చేతుల జాకెట్టు. అధికారి నా కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టింది.

"ఈడనే చెప్తవా అమ్మా?"

"చెప్తా మేడం. రాసుకోండ్రి."

గొంతు తగ్గించకుండానే మొదలుపెట్టింది. అప్పుడే ఫ్లాటు కొనడానికి వచ్చిన వాళ్ల కారు గేటు ముందు ఆగి, అద్దాలు దించింది.

"ఇక్కడ వద్దమ్మా, పైకెళ్లి మాట్లాడుకోండి!" అని ఆమెకు చెప్పి, సెక్రటరీ గారు నా మీద అరిచారు. "గేటు తియ్యవయ్యా!"

చట్టం లేపలేని కర్రను పరువు లేపింది.

"పుట్టింటికి క్యాబ్ పిలవమంటారా అమ్మా?" అన్నారాయన మెల్లగా.

"ఎందుకు సార్? ఇల్లు నాది గూడ. పోతే ఆయన్నే పోనియ్యి."

"పోలీసోళ్లకు గూడ చెప్పిన, వస్తున్నరు. నడువమ్మా," అంది అధికారి. ఇద్దరూ లిఫ్టు వైపు వెళ్లారు.

కాసేపటికి ఇంటర్‌కామ్ మోగింది. ఆ ఇంటాయనే, బాల్కనీలోంచి చూసినట్టున్నాడు.

"ఎవర్నడిగి లోపలికి పంపినవ్ రా?"

"మీ మేడంనే అడిగిన సార్. మీ ఇంట్ల ఆమె గూడ ఉంటదట గదా, జర లేటుగ తెలిసింది."

ఆయన ఏదో అనబోయాడు. అవతల కాలింగ్ బెల్ మోగింది.