పన్నెండు ఇళ్ళు భోజనానికి వచ్చిన రోజు

నా నోటి దురద వల్ల ఒకసారి పన్నెండు ఇళ్ళు మా ఇంటికి భోజనానికి వచ్చాయి. ఇళ్ళవాళ్ళు అనబోయి ఇళ్ళు అన్నాననుకునేరు, లేదు. గోడలూ కిటికీలూ గ్యాసు పొయ్యిలతో సహా ఇళ్ళే వచ్చాయి. ఆ సమయానికి మా వంటింట్లో ఉన్నది ముందురోజు చారు. నా పరువు ఏమైందో విని మీరు హాయిగా నవ్వుకోవచ్చు. మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

పేరు చివర డాట్ కామ్ తగిలిస్తే చాలు, పెట్టుబడి పెట్టేవాళ్ళు వెతుక్కుంటూ వచ్చే రోజులవి. సింగపూర్‌లో అలాంటి ఓ చిన్న కంపెనీలో వెబ్‌సైట్లు తయారుచేసేవాణ్ణి. ఊరి చివర యూ టీ అనే పేటలో అద్దె ఫ్లాటు, కాకినాడ నుంచి కొత్తగా కాపురానికొచ్చిన వసంత. అన్నీ ఉన్నవాడికి ఒక్క జబ్బయినా ఉండకపోతే ఎలా? నాది పిలుపుల జబ్బు. రైల్లో పక్కన తెలుగు మాట వినపడితే చాలు, "ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చేయండి" అనేసేవాణ్ణి. అవతలివాడు "తప్పకుండా" అనేవాడు. నేను పిలిచిందీ ఉత్తదే, అతను వస్తానన్నదీ ఉత్తదే. అది మా ఇద్దరికీ తెలుసు. తెలియంది వసంతకే.

పాపం, మొదట్లో నిజమనుకుని వండేది. పులిహోర, గారెలు, ముద్దపప్పు, గుత్తివంకాయ. వండి, మంచి చీర కట్టుకుని, కిటికీ దగ్గర నిలబడి స్టేషన్ వైపు చూసేది. రైళ్ళు వచ్చేవి, పోయేవి. మధ్యాహ్నం రెండు దాటాక మేమిద్దరమే తినేవాళ్ళం. ఆ పైన బుధవారం దాకా అవే గారెలు. ఒక ఆదివారం ఇక విసుగెత్తి గరిటె పక్కన పెట్టేసింది.

"మీరు పిలిచినవాళ్ళకి నేనింక వండనండి. వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంటి కాలింగ్ బెల్ ఎలా మోగుతుందో కూడా నాకు తెలీదు. వచ్చే నెల చెల్లి పెళ్ళికి వెళ్తున్నానుగా, మళ్ళీ రావాలో వద్దో అక్కడే ఆలోచించుకుంటాను."

కోపంగా అని ఉంటే సర్దిచెప్పేవాణ్ణి. నెమ్మదిగా అంది. ఇక ఎవరినీ పిలవకూడదని ఆ పూటే గట్టిగా అనుకున్నాను.

ఆ గట్టితనం గురువారం దాకా నిలిచింది. ఆ రోజు మా ఆఫీసుకి మార్గరెట్ వచ్చింది. అరవై దాటిన మనిషి. కారు వెనక కొక్కేనికి చక్రాల ఇల్లు తగిలించుకుని దేశాలు తిరిగే బృందానికి పెద్ద. ఎప్పుడో ఆవిడ కొత్త పెళ్ళికూతురుగా ఉన్నప్పుడు అలాంటి ఇళ్ళు వరుసకట్టి, సింగపూర్ రేవులో దిగి, ఆసియా ఖండమంతా దాటి వెళ్ళాయట. అదే దారిలో మళ్ళీ బయల్దేరుతున్నారు. ఆ ప్రయాణానికి వెబ్‌సైట్ చేసింది నేనే. పని అయిపోయింది, చేతులు కలిపాం. అక్కడితో నోరు మూసుకోవచ్చుగా?

"వెళ్ళేలోగా మీరు మా ఇంటికి భోజనానికి రావాలి" అన్నాను.

"ఎంతమందిమి రావచ్చు?"

"భలేవారే! అందరూ రండి. మేము మనుషుల్ని లెక్కపెట్టి వండం."

"ఆదివారమే మా ప్రయాణం. మీ యూ టీ మా దారిలోనే కదూ?"

"దారిలోనే!" అని చిరునామా కూడా రాసిచ్చాను.

"తప్పకుండా వస్తాం" అంది. ఆ మాటతో నాకు నిశ్చింత. తప్పకుండా అన్నవాళ్ళెవరూ అంతవరకు రాలేదు మరి. వసంతకి చెప్పనే లేదు.

ఆదివారం పదకొండింటికి బెల్ మోగింది. తలుపు తీస్తే కింది అంతస్తు చైనీస్ ఆంటీ ఆయాసపడుతోంది.

"వా, యువర్ ఫ్రెండ్స్ ఆ? సో మెనీ! ఆల్ కమ్ ఫర్ మకాన్ లా!"

మకాన్ అంటే అక్కడ భోజనం. కిటికీలోంచి చూశాను. మా బ్లాకు పక్క రోడ్డు పొడుగునా వెండి రంగు ఇళ్ళు బారులు తీరాయి. పూలూ, జామ్ సీసాలూ పట్టుకుని జనం దిగుతున్నారు.

"ఎవరండీ వాళ్ళు?" అంది వసంత.

"పిలిచాను."

"ఎంతమందిని?"

"లెక్కపెట్టలేదు."

ఆవిడ ఇంకో మాట అనేలోగా మెట్లు దిగి పరిగెత్తాను. దారిలో తోచిన అబద్ధమే మార్గరెట్ ముందు పెట్టాను. "క్షమించండి, మా ఇంట్లో గ్యాసు అయిపోయింది. వంట కాలేదు."

"అంతేనా!" అని ఆవిడ వెలిగిపోయింది. "మా దగ్గర పన్నెండు పొయ్యిలున్నాయి!"

వెనక్కి తిరిగితే వసంత. నా గ్యాసు మాట విననే విన్నది. నన్ను ఎగాదిగా చూసి, కొంగు బిగించింది. "మీరింక నోరు తెరవకండి. వెళ్ళి బియ్యం బస్తా పట్రండి."

ఒక ఇంట్లో అన్నం, పక్కింట్లో పప్పు, ఆ పక్కింట్లో చింతపండు పులుసు. వసంత ఈ ఇంట్లోంచి ఆ ఇంట్లోకి ఎక్కి దిగుతూ, వచ్చిన కాస్త ఇంగ్లీషుతోనే అందరినీ పరుగులు పెట్టించింది. ఎండుమిరపకాయల పోపు ఘాటుకి ఒక పెద్దాయన తుమ్ముకుంటూ సొంత ఇల్లు వదిలి పారిపోయాడు. చైనీస్ ఆంటీ గిన్నెడు నూడుల్స్ తెచ్చి, మాతోపాటే బ్లాకు కింద ఖాళీ జాగాలో కూర్చుంది. మా ఇంటికొచ్చిన అతిథులు వాళ్ళ ఇళ్ళలో వాళ్ళే వండుకుని తృప్తిగా తిన్నారు. ఇంతటి ఆతిథ్యం ఇచ్చిన గృహస్థు ఇంకొకడు ఉంటే చూపించండి.

సిగ్గేసి మార్గరెట్‌తో నిజం చెప్పేశాను. "మీరు వస్తారనుకోలేదండీ."

"మరి ఎందుకు పిలిచారు?"

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. "మొదటి ప్రయాణంలో దారి పొడుగునా రమ్మన్నారు. మా భాష ఒక్క ముక్క రానివాళ్ళు కూడా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి పెట్టారు. పిలిస్తే వెళ్ళాలని అక్కడే నేర్చుకున్నాం."

రానివాళ్ళని చూసి మరీ పిలిచేవాణ్ణని ఎలా చెప్పను? పరాయి ఊళ్ళో నేనొక్కణ్ణే లేనని నాకు నేను చెప్పుకోవడానికి ఆ మాట వాడుకున్నాను. దాన్ని నమ్మి కిటికీ దగ్గర నిలబడ్డది వసంత.

బయల్దేరేముందు మార్గరెట్ వసంత చేతులు పట్టుకుంది. "మీరు కూడా మా ఇంటికి రావాలి."

"ఎప్పుడు?" అంది వసంత వెంటనే.

మార్గరెట్ పకపకా నవ్వి రోడ్డు వైపు చూపించింది. "ఇప్పుడే. అదిగో ఇల్లు."

వసంత చేతులు తుడుచుకుని కారు ముందు సీట్లో ఎక్కేసింది. "సరిహద్దు దాకా వెళ్ళి బస్సులో వచ్చేస్తాను. గిన్నెలు తోమెయ్యండి!" అని కిటికీలోంచి కేకేసింది. ఆవిడ ముఖం అంత వెలుగుగా పెళ్ళి ఫోటోల్లో కూడా లేదు.

సాయంత్రం వచ్చి చెప్పులు విప్పుతూ అంది: "చెల్లి పెళ్ళయిన వారానికే తిరిగొచ్చేస్తానండి. ఆ ఆదివారం కింది ఆంటీని భోజనానికి పిలిచాను."

నా కళ్ళు తడయ్యాయి. అయినా ఊరుకోలేక, "నిజంగా వస్తుందంటావా?" అన్నాను.

"రాకేం? పిలిచింది నేను కదా."

కాబట్టి పాఠకులారా, తోమిన గిన్నెల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పొయ్యి మీద ఎసరు పడితే తప్ప ఈ జన్మలో ఎవరినీ భోజనానికి పిలవను. మీరు ఎప్పుడైనా యూ టీ వైపు వస్తే మాత్రం మొహమాటపడకుండా మా... ఉండండి, వసంతని అడిగి చెబుతాను.