ఏకాదశి నాడు అడవిలో అరటిపళ్ళు

నాలుకకు మాట ఇచ్చిన స్వామికి, ఆ మాట తప్పినప్పుడు గుండెలో ముల్లై గుచ్చే స్వామికి ముందుగా శతకోటి వందనాలు. గోదారి ఒడ్డున గోవిందా అంటే పలికేవాడూ, ఎక్కడో హిమాలయాల కింద అడవిలో నోరు పెగలక కూర్చుండిపోయినప్పుడు కాచినవాడూ ఒక్కడే. ఆయన కాచాడు కాబట్టే ఇది రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఉన్నదంతా నా తప్పే.

మా నాన్నగారు కోనసీమలో పౌరోహిత్యం చేసేవారు. ఆయన పురాణం చెబుతుంటే పక్కన కూర్చుని వింటూ పెరిగాను. పెళ్ళయి రాజమండ్రి వచ్చాక మా వీధి ఆడవాళ్ళం కలిసి శనివారాలు సత్సంగం పెట్టుకున్నాం. పారాయణ అయ్యాక అర్థం చెప్పే పని నాది. ఎవరికి ఏ ధర్మసందేహం వచ్చినా "ఆవిడని అడగండి" అనేవారు. ఆ మాట వినీ వినీ నాకు కొంచెం తలకెక్కింది.

తొంభైల చివర్లో ఒక వేసవిలో సత్సంగం వాళ్ళం పద్దెనిమిది మందిమి ఉత్తరాది యాత్రకు బయలుదేరాం. కాకినాడ నుంచి టూర్లు నడిపే ఒకాయన మమ్మల్ని తీసుకెళ్ళారు. ఆయన్ని అందరం మేనేజరు గారు అనేవాళ్ళం. ఢిల్లీ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. మధుర, బృందావనం, హరిద్వారం, ఋషికేశం అయ్యాక, కొండల పాదాల దగ్గరున్న ఒక అడవిలో రెండు రోజులు అని కాగితంలో ఉంది.

"పులుల్ని చూడ్డానికి తీర్థయాత్ర ఏంటండీ?" అని ముందే గొడవ పెట్టింది తణుకు ఆవిడ. వాళ్ళకి అక్కడ బట్టల కొట్టు. భార్యాభర్తలిద్దరూ వచ్చారు.

"ఆయ్, పులి కూడా అమ్మవారి వాహనమే కదండీ," అన్నారు మేనేజరు గారు.

"వాహనం మీద అమ్మవారుంటే దణ్ణం పెడతాం. ఉత్తి వాహనం ఎదురైతే ఏం చేస్తామండీ?"

బస్సంతా నవ్వారు. మా అత్తగారు కూడా పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

అత్తగారికి అప్పటికి డెబ్భై దాటాయి. షుగర్ ఉంది. మావారికి ఆఫీసులో సెలవు దొరక్క ఆవిణ్ణి నాకు అప్పగించి, "వేళ తప్పనివ్వకు, రెండు మూడు గంటలకోసారి ఏదో ఒకటి పెట్టు" అని స్టేషన్‌లో పదిసార్లు చెప్పారు. అడవికి వెళ్ళే రోజు ఏకాదశి వచ్చింది. ఏకాదశి నాడు ఆవిడ పాలూ పళ్ళూ తప్ప ముట్టరు. అవి కూడా దేవుడికి నైవేద్యం పెట్టినవే కావాలి. పొద్దున్నే హోటలు గదిలో నివేదన చేసిన అరటిపళ్ళు ఆరు, ఆవిడ జపమాల ఉండే గుడ్డసంచిలో పెట్టాను.

మధ్యాహ్నం రెండింటికి అడవి గేటు దగ్గర జీపుల్లో ఎక్కించారు. మా జీపులో అత్తగారు, నేను, తణుకు దంపతులు. ముందు డ్రైవరు, పక్కన అటవీశాఖ పర్మిట్ ఉన్న గైడు. గైడుకి నలభై ఏళ్ళుంటాయి. ఆ కొండ ఊళ్ళ మనిషి. ఖాకీ చొక్కా జేబు మీద ఇత్తడి బ్యాడ్జి. మేనేజరు గారు వేరే జీపులో ఉన్నారు. మా జీపులో హిందీ వచ్చింది నాకొక్కదానికే, చిన్నప్పుడు హిందీ పరీక్షలు కట్టిన పుణ్యాన. అందుకని ఆయన చెప్పింది తెలుగులో చెప్పే పని కూడా నాకే పడింది.

"తినేవి ఏమీ లోపలికి రాకూడదు. ముఖ్యంగా పళ్ళు. ఏనుగులు చాలా దూరం నుంచి వాసన పసిగడతాయి," అన్నాడు గైడు. తర్వాత గొంతు తగ్గించి, "పోయిన నెల ఎవరో జీపులోంచి బిస్కట్లు విసిరితే నాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చారు. ఇంకోసారి జరిగితే బ్యాడ్జి తీసుకుంటారు. ఇద్దరు ఆడపిల్లలున్నారు మాతాజీ. నాకు ఈ పని తప్ప వేరే పని రాదు," అన్నాడు.

నేను పొల్లు పోకుండా తెలుగులో చెప్పాను. తణుకు ఆవిడ గొణుక్కుంటూ జంతికల పొట్లం తీసి ఇచ్చేసింది. అత్తగారు నా వైపు చూశారు. సంచి ఆవిడ ఒళ్ళో ఉంది.

"అందులో ఏముంది?" అని అడిగాడు గైడు.

"జపమాల," అన్నాను.

"తినేవి ఏమీ లేవు కదా?"

"లేవు."

ఆయన చెయ్యి సంచి దాకా వచ్చి ఆగిపోయింది. దేవుడి సంచి అనుకున్నాడు కాబోలు. "మీ మాట చాలు మాతాజీ," అని రెండు చేతులూ జోడించి ముందుకెళ్ళి కూర్చున్నాడు.

ఆ క్షణంలో నాకది అబద్ధం అనిపించలేదంటే నమ్మండి. ప్రాణం మీదికొచ్చినప్పుడు అబద్ధమాడినా దోషం లేదని సత్సంగంలో నేనే ఎన్నోసార్లు చెప్పాను. అత్తగారి ప్రాణం సంగతి కదా, అనుకున్నాను. నిజం చెబితే ఏమవుతుందో అడిగి చూడాలన్న ఆలోచనే రాలేదు. శాస్త్రం తెలుసన్న ధీమా ఒక్కోసారి మనిషి కళ్ళని అలా మూసేస్తుంది.

లోపల రెండు గంటలు తిరిగాం. జింకలు, నెమళ్ళు, ఇసుకలో పులి అడుగులు. తణుకాయన కెమెరాలో రీలు అయిపోతుందని ఒక్కో ఫోటోకీ పంచాంగం చూసినంత ఆలోచిస్తున్నాడు. నాకు మాత్రం ఏదీ సరిగ్గా ఆనలేదు. జీపు కుదుపులకి పళ్ళు నలిగి, మగ్గిన వాసన వస్తోంది. ఎండకి ఇంకా పెరుగుతోంది. గైడు ఒకసారి వెనక్కి తిరిగి గాలిలోకి ముక్కు ఎత్తాడు. నేను చెట్ల వైపు చూశాను.

నాలుగున్నరకి అత్తగారి నుదుటి మీద చెమట మొదలైంది. చేతివేళ్ళు వణుకుతున్నాయి. పండు పెట్టే వేళ దాటిపోయింది. "ఎవరూ చూడకుండా ఒకటి తినండి," అన్నాను చెవిలో.

"దొంగతనంగానా? ఏకాదశి పూట?" అన్నారు ఆవిడ. "అక్కర్లేదు. బయటికెళ్ళాకే."

అప్పుడే దారి మలుపు తిరిగింది. డ్రైవరు బ్రేకు వేసి ఇంజను ఆపేశాడు. ఇరవై గజాల దూరంలో ఏనుగు దారికి అడ్డంగా నిలబడి ఉంది. దాని కాళ్ళ మధ్య పిల్ల. మా వెనకాల ఇంకో జీపు వచ్చి ఆగింది. వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోయింది. కుడివైపు కొండ గట్టు, ఎడమవైపు పల్లంలో ఎండిపోయిన వాగు.

"ఎవరూ కదలొద్దు, మాట్లాడొద్దు," అన్నాడు గైడు పెదవులు కదపకుండా. నేను ఆ మాటని అంతకంటే మెల్లగా తెలుగులో చెప్పాను.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి. మా గోదారి జిల్లాల్లో మాకు తెలిసిన ఏనుగంటే గుడి ఏనుగే. నుదుట నామంతో, మావటీడితో వీధిలోకి వస్తుంది. గుమ్మం ముందు ఆగితే అరటిపండు ఇస్తాం, తొండం తల మీద పెట్టి దీవిస్తుంది. చంటిపిల్లల్ని దాని పొట్ట కింద నుంచి దాటిస్తే భయాలు పోతాయంటారు. అత్తగారు తన పిల్లలందర్నీ అలా దాటించారు, మావారితో సహా. ఏనుగు ఎదురైతే ఊరికే వదిలెయ్యడం ఆవిడ జన్మలో లేదు.

"విఘ్నేశ్వరుడే వచ్చాడమ్మా," అన్నారు ఆవిడ. మెల్లగా కాదు, మామూలు గొంతుతోనే. సంచి తెరిచి, అరటిపళ్ళు బయటికి తీసి, రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు.

ఏనుగు చెవులు రెండూ చేటల్లా విప్పింది. తొండం మా వైపు చాచింది.

గైడు వెనక్కి తిరిగాడు. ముందు పళ్ళని చూశాడు, తర్వాత నన్ను.

"అత్తయ్యగారూ, లోపల పెట్టెయ్యండి," అన్నాను.

"దేవుడికి పెట్టిందే కదమ్మా, ఆయనకిస్తే తప్పేంటి?"

ఏనుగు ఒక్కసారిగా దుమ్ము లేపుకుంటూ వచ్చి, సగం దూరంలో ఆగి, ముందు కాలితో నేలని తన్నింది. తణుకు ఆవిడ నా భుజం పట్టుకుంది. గోళ్ళు జాకెట్టులోంచి దిగబడ్డాయి. నాకు ఒక్క మంత్రం కూడా గుర్తు రాలేదు. ఏళ్ళ తరబడి పారాయణ చేసిన నోటికి "స్వామీ" అన్న ఒక్క మాటే మిగిలింది.

గైడు లేచి అత్తగారి చేతుల్లోంచి పళ్ళూ సంచీ కలిపి లాక్కున్నాడు. ఎడమవైపు దిగాడు. పరిగెత్తలేదు. ఏనుగుకి కనపడేలా, వాగు వైపుగా, ఒక్కో అడుగూ కొలిచినట్టు నడిచాడు. ఏనుగు అతనితోపాటే తల తిప్పింది. ఇప్పుడు దానికీ అతనికీ మధ్య ఏమీ లేదు. చెయ్యి ఊపి పళ్ళనీ, జపమాల ఉన్న సంచినీ పల్లంలోకి దూరంగా విసిరాడు. తర్వాత కదలకుండా నిలబడ్డాడు. నేను కళ్ళు మూసుకోలేదు. ఆ మనిషికి ఏమైనా అయితే చూడాల్సింది నేనే అనిపించింది.

ఎంతసేపయిందో తెలీదు. ఏనుగు ఒక్కసారి బుస్సుమని ఊపిరి వదిలి, పిల్లని ముందు నడిపిస్తూ వాగులోకి దిగింది. గైడు వెనక్కి నడుచుకుంటూ వచ్చి జీపెక్కాడు. డ్రైవరు బండి కదిలించాడు. కొంత దూరం వెళ్ళాక గైడు తల తిప్పకుండానే, "మాతాజీకి ఎందుకు చెమటలు పడుతున్నాయి?" అని అడిగాడు.

షుగర్ సంగతి చెప్పాను. డ్రైవరు జేబులోంచి, ఇలాంటి అవసరానికే ఉంచుకున్నది, కాగితంలో చుట్టిన బెల్లం ముక్క తీసి ఇచ్చాడు. అత్తగారు నోట్లో పెట్టుకున్నారు. ఆవేళ నైవేద్యం సంగతి ఎవరూ ఎత్తలేదు.

"ఆ మాట గేటు దగ్గర చెప్పి ఉంటే," అన్నాడు గైడు, "రిజిస్టరులో రాయించి, వేరే దారిలో గంటలో తిప్పి తెచ్చేవాణ్ణి. జబ్బు మనుషులు రోజూ వస్తూనే ఉంటారు."

అతనికి కోపం లేదు. ఉంటే బావుండేది.

వెనక జీపు వాళ్ళు వచ్చిన దారినే వెనక్కి తిరిగి, మాకంటే ముందే గేటుకి చేరి అంతా చెప్పేశారు. మేము దిగేసరికి అధికారి రిజిస్టరు తెరిచి ఉన్నాడు. "పళ్ళు ఎలా లోపలికి వెళ్ళాయి?"

"నేను సంచి చూడలేదు సార్. తప్పు నాదే," అన్నాడు గైడు.

తణుకాయన నా పక్కన చేరి, "పదండి అక్కగారూ, బస్సు ఆగి ఉంది. ఇది వాళ్ళ ఆఫీసు గొడవ, మనకెందుకండీ," అన్నాడు. కాళ్ళు బస్సు వైపు తిరిగిన మాట నిజం. దాచను. రెండడుగులు వేశాను కూడా. అప్పుడు గైడు బ్యాడ్జి పిన్ను తీయబోతున్నాడు. అది చొక్కా గుడ్డకి పట్టేసి రావడం లేదు.

నేను వెనక్కి వెళ్ళాను. "ఆయన అడిగారండీ. సంచిలో తినేవి లేవని నేను అబద్ధం చెప్పాను. తెలిసే చెప్పాను. ఏం రాయాలన్నా నా మీద రాయండి," అన్నాను హిందీలో.

నా వెనకాలే అత్తగారు వచ్చారు. "ఏమంటున్నాడు? పళ్ళు నావని చెప్పు. నన్ను ఏం చేస్తారో చెయ్యమను. ఆ అబ్బాయిని వదిలెయ్యమను," అన్నారు. అది కూడా హిందీలో చెప్పాను.

అధికారి రిజిస్టరు మీంచి తలెత్తాడు. "మాతాజీ, అడగడం కాదు, సంచి తెరిచి చూడడం అతని పని. మీరు చెప్పింది కింద రాస్తాను, సంతకం పెట్టండి. పెద్దాఫీసు ఏం చేస్తుందో నేను చెప్పలేను," అన్నాడు. బ్యాడ్జి తీసుకుని సొరుగులో వేశాడు. గైడు మాకు నమస్కారం పెట్టి, జేబు మీద పిన్ను గుచ్చిన చోట చేత్తో రుద్దుకుంటూ నడిచి వెళ్ళిపోయాడు.

రాజమండ్రి వచ్చాక ఆ శనివారం అందరూ గంగాహారతి సంగతి చెప్పమన్నారు. నేను ఇది చెప్పాను. చెప్పడం అయ్యాక అర్థం చెప్పే పని ఇంకొకరికి ఇవ్వమని అడిగాను. కొందరు ఒప్పుకోలేదు, అయినా ఆర్నెల్లు నేను వినేవాళ్ళలోనే కూర్చున్నాను. ఆ అడవి ఆఫీసుకి హిందీలో మూడు ఉత్తరాలు రాశాను. అత్తగారు ప్రతిదాని కిందా తెలుగులో వేలంత అక్షరాలతో సంతకం పెట్టారు. జవాబు రాలేదు. ఆవిడ పోయేదాకా ఏకాదశి పూట పండు నోట పెట్టుకునే ముందు, "ఆ అబ్బాయికి పనిచ్చారంటావా?" అని అడిగేవారు. తెలీదు అనే చెప్పేదాన్ని. ఇచ్చే ఉంటారు అంటే ఆవిడ మనసు కుదుటపడేది. కానీ తెలియని మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఇది చదివిన మీకు ఆయన పేరు నేను చెప్పలేను. అడగలేదు. పేరు లేకపోయినా స్వామికి మనిషి తెలుసు. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని నాతోపాటు అడగండి: తండ్రీ, పరాయివాళ్ళ మాట నమ్మి, ఆ నమ్మకానికి తన కూడు పోగొట్టుకున్న ఆ మనిషి ఇంట్లో పొయ్యి ఆరకుండా చూడు. ఆయన ఇద్దరు ఆడపిల్లల్ని నీ పిల్లల్లా కాచుకో. ఇంకోసారి ఎవరైనా మా మాట చాలంటే, ఆ మాటకి మమ్మల్ని నిలబెట్టు.

గోవిందా, గోవిందా. మీరూ అనండి.