వాగొడ్డు హాస్టలు కోసం మేమెత్తిన చేతులు

బల్దియా, అంటే మా నగర కార్పొరేషను, మీటింగులో చెయ్యెత్తి నా పొయ్యిని నేనే కూలగొట్టుకోబోయాను. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత నిజమేనా అని అడుగుతారు. నిజమే. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీది పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతకు మించి రాదు. అందుకే నేను చెప్తున్నాను, మా హాస్టలు పిల్ల రాస్తోంది. నా గొంతు గరుకు. పొగ మింగి మింగి, పై అంతస్తుకు కేకలేసి కేకలేసి అలా అయింది. రాతలో అది వినపడదు కాబట్టి మీరే కాస్త ఊహించుకోండి.

మాది వరంగల్లులో వాగు ఒడ్డున ఉన్న వాడ. అక్కడ బల్దియా జాగాలో పాత రెండంతస్తుల హాస్టలుంది. ఊళ్ళ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు అందులో ఉంటారు. మా ఇంటాయన దానికి వాచ్‌మన్‌గా ఉండేవాడు. వెనక, వాగు వైపు, రేకుల షెడ్డులో మా కాపురం. ఆయన పోయాక ఏం చెయ్యాలో తోచక నేను పొయ్యి ముందు కూర్చుంటే, పై నుంచి ఒక పిల్ల గిన్నె పట్టుకొని దిగి వచ్చింది. పెద్దమ్మా, జర పచ్చిపులుసు పోస్తవా అని అడిగింది. మర్నాడు ఆమె వెంట ఇంకో ఇద్దరు వచ్చారు. ఆ తర్వాత మెట్ల మీద వరస కట్టారు. మెస్సు నేను పెట్టలేదండి. పిల్లలే గిన్నెలు పట్టుకొచ్చి నా చేత పెట్టించారు. అట్లా నేను బతికాను.

ఇప్పుడు మా మహిళా సంఘం ఆడవాళ్ళు కూడా వంటలో చెయ్యేస్తారు. సంఘానికి లీడరు మా పక్కింటి వదిన. ఆమె నాకు వదిన, నేను ఆమెకు వదిన. ఎవరికెవరు ఎట్లా వదినలయ్యామో ఇద్దరికీ తెలియదు. సంఘం మీటింగు మా షెడ్డులోనే జరుగుతుంది. వదిన కాయితం చూసి తీర్మానం చదువుతుంది. మేము చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనో, ఒకరి కోడలి సంగతి ఒకరు చెప్పుకుంటూనో ఉంటాం. చివరికి ఆమె "సమ్మతమేనా?" అనగానే అందరం చేతులెత్తుతాం. ఏం చదివిందో ఎవరూ అడగరు. చేతులెత్తితేనే చాయ్ పోస్తారు కదా. ఇన్నేళ్ళుగా అదే అలవాటు. సమ్మతమనే మాట చెవిలో పడితే చెయ్యి దానంతటదే లేస్తుంది, తుమ్ము వచ్చినట్టు.

మొన్న వానాకాలానికి ముందు ఒక సంగతి తెలిసింది. పాత హాస్టలు తీసేసి కొత్తది కడతారట. ఇప్పుడు ఇది రాస్తున్న ఈ పిల్లది కేసముద్రం. డిగ్రీ చదువుతోంది. ఫోనులో బొమ్మ చూపించింది. అబ్బో, ఏం బొమ్మ! ఐదంతస్తులు, అద్దాల కిటికీలు, లిఫ్టు. ముందు వాగు నీలంగా, ఆకాశంలా మెరుస్తోంది. మా వాగు నాకు తెలిసి ఎప్పుడూ నీలంగా లేదు. ఒడ్డున ఒక పొడుగాటి మనిషి ప్యాంటేసుకొని కుక్కను తిప్పుతోంది. ఆమె నిలబడ్డ చోటు నేను బగోనెలు తోమే బండ.

"మరి నా పొయ్యేది బిడ్డా?" అని అడిగాను.

ఆ పిల్ల రెండు వేళ్ళతో బొమ్మను పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. నా పొయ్యి ఉండాల్సిన చోట ఎర్ర కారు నిలబడి ఉంది. కింది అంతస్తంతా బండ్లు పెట్టుకునే జాగా. వంటగది ఎక్కడా లేదు.

వదిన ఆ కారును చాలాసేపు చూసి, "మంచి కారే వదినా, డ్రైవింగు నేర్చుకుంటే అయిపాయె" అంది. నవ్వొచ్చింది. ఆ రాత్రి మాత్రం నవ్వు రాలేదు. కొత్త హాస్టలు వద్దనడానికి నాకు నోరెట్లా వస్తుంది? వాన పడితే ఆ పిల్లలు మంచాల మీద బకెట్లు పెట్టుకొని కూర్చుంటారు. కాని పొయ్యి పోతే నేనేం కావాలి?

మా వార్డు కార్పొరేటరమ్మ దగ్గరికి పోయాం. ఆమె మంచి మనిషి. అది బల్దియా జాగా కాబట్టి సభలో తీర్మానం అయితేనే కడతారని, వంటగది మాట తాను ఎత్తుతానని చెప్పింది. మమ్మల్ని పైన గ్యాలరీలో కూర్చొని చూడమంది. ఒక్కటే షరతు పెట్టింది.

"అక్కా, నీ గొంతు నాకెరుకే. ఆడ మాత్రం నోరు మెదపొద్దు. మీరు లొల్లి జేస్తే నా మాట ఎవ్వలు ఇనరు."

సరేనని ఒట్టేశాం. ఒట్టు నోటి మీదే వేశాం, చేతుల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

మీటింగు రోజు ఒక్క ఆటోలో ఎంతమందిమి ఎక్కామో చెప్తే ఆటో అతన్ని పోలీసులు పట్టుకుంటారు. వదిన డ్రైవరు పక్కన సగం సీటులో కూర్చుంది. నేను కొత్త చీర కట్టుకున్నాను. మా ఆయన పోయిన తర్వాత పెళ్ళిళ్ళకు పిలిచినా వెనక నిలబెట్టే మనిషిని, బల్దియా ముందర కూర్చోబెడుతుందంటే కట్టుకోనా? సర్వపిండి చేసి డబ్బాలో పెట్టాను, మీటింగు ఎప్పుడు ముగుస్తుందో ఎవరికి తెలుసు? గేటు దగ్గర ఉన్నాయన ఆపి, డబ్బాలో ఏముందో చూపించమన్నాడు. మూత తీశాను. లోపలికి ఇట్లాంటివి తీసుకుపోకూడదన్నాడు. అట్లయితే నువ్వే తిను తమ్మీ అన్నాను. ఒక ముక్క తిని, ఇంకో ముక్క తిని, ఇది తినేదే, దీంతో ఏ ప్రమాదమూ లేదని తేల్చి మమ్మల్ని వదిలాడు.

లోపల చలి. ఎండాకాలంలో కూడా అంత చలి ఉంటుందని అక్కడే చూశాను. కూర్చుంటే కుర్చీ కిందికి దిగింది. భయపడి లేచాను. మళ్ళీ పైకి వచ్చింది. ఇట్లా లేచి కూర్చుంటూ ఉంటే మా వాళ్ళందరూ అదే పని మొదలుపెట్టారు. కేసముద్రం పిల్ల ముఖం చేతుల్లో దాచుకుంది. కింద గుండ్రంగా కార్పొరేటర్లు, మధ్యలో పెద్ద కుర్చీలో ఒక సారు. అందరి ముందూ మైకులు, ఎర్ర దీపాలు. కుక్కల గురించి, వీధి దీపాల గురించి, ధర్మసాగర్ నుంచి వచ్చే నీళ్ళ గురించి మాట్లాడారు. వదిన చల్లగాలికి గురక మొదలుపెట్టింది. నేను మోచేత్తో పొడిస్తే, "ఎందుకు లేపుతానవే, మనూసు వచ్చినప్పుడు లేపు" అంది.

మన ఊసు రానే వచ్చింది. ఒక ఆఫీసరు లేచి చదివాడు. వడ్లు పోసినట్టు గడగడా చదివాడు. అంతా పుస్తకం తెలుగు. నాకు వాగు అన్న మాట ఒక్కటే అర్థమైంది. కార్పొరేటరమ్మ మైకు నొక్కుతోంది, ఎర్ర దీపం వెలగడం లేదు. అంతలో చదవడం అయిపోయింది. పెద్ద కుర్చీ సారు అన్నాడు:

"సమ్మతించే సభ్యులు చేతులెత్తండి."

లేచింది నా చెయ్యి. నా చెయ్యే కాదు, గ్యాలరీలో మా వరస మొత్తం చేతులు లేచాయి. నిద్రలో ఉన్న వదిన కళ్ళు తెరవకుండానే రెండు చేతులూ ఎత్తింది.

కేసముద్రం పిల్ల నా చెయ్యి పట్టుకొని కిందికి లాగింది. "పెద్దమ్మా, దించు. అది నీ పొయ్యి తీసేసే తీర్మానం."

నేను దించాను. దించి వదిన చేతులు దించబోతే, ఆమె చాయ్ ఇస్తున్నారనుకొని దోసిలి పట్టింది. కింద ఎవరో ఫక్కుమన్నారు. కార్పొరేటరమ్మ నుదురు కొట్టుకుంది. ఆ సభలో చెయ్యెత్తకుండా కూర్చున్నది ఆమె ఒక్కతే. మా తరఫున ఆమె ఎత్తలేదు, మా తరఫున మేమే ఎత్తాం. అది తట్టేసరికి నాకు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను, అయినా ముక్కులోంచి వచ్చింది. మా వరస మొత్తం ఊగిపోతోంది. పొయ్యి పోతోందని కడుపులో భయం, ఆ భయం మీద నవ్వు. నవ్వుతూ ఏడ్చానో ఏడుస్తూ నవ్వానో ఇప్పటికీ తెలియదు.

పెద్ద కుర్చీ సారు కళ్ళద్దాలు తీసి పైకి చూశాడు. "గ్యాలరీల ఉన్నోళ్ళకు ఓటుండదమ్మా. అసలు మీరెవరు?"

అప్పుడే కార్పొరేటరమ్మ మైకు వెలిగింది. వీళ్ళు ఆ హాస్టలులో వండిపెట్టే ఆడవాళ్ళని, కొత్త బొమ్మలో వీళ్ళ వంటగదే లేదని, అది చెప్పడానికే ఇందాకటి నుంచి మైకు నొక్కుతున్నానని గబగబా చెప్పింది. సారు నావైపు చూశాడు. "మరి ఎందుకెత్తినవమ్మా చెయ్యి?"

నోరు మెదపొద్దని ఒట్టు. కార్పొరేటరమ్మను చూశాను. ఆమె తల ఊపింది. గ్యాలరీ అంచు కటకటాల దగ్గరికి వచ్చి నిలబడ్డాను. నాకు మైకు అక్కర్లేకపోయింది.

"అలవాటు సారూ. మా సంఘంల సమ్మతమంటే ఎత్తుడే. గని నేను ఎత్తింది అంతా తప్పు గాదు. బిల్డింగు కట్టుండ్రి. పిల్లలు తడుస్తాండ్రు. నా పొయ్యి యాడ పెట్టుకోవాల్నో అదొక్కటి జెప్పుండ్రి."

కింద ఒకాయన, వయసు చిన్నదే, మర్యాదగానే అడిగాడు. ఈ కాలంలో అన్నం ఫోనులోనే వస్తుంది కదమ్మా అన్నాడు.

"వస్తది బిడ్డా. పరీక్ష పాడైందని తలుపేసుకొని పండుకున్న పిల్లను, తలుపు కొట్టి లేపి తిట్టి తినిపిస్తదా నీ ఫోను?"

ఈసారి నవ్విన వాళ్ళు నన్ను చూసి నవ్వలేదు. నా పక్కన కేసముద్రం పిల్ల తల వంచుకుంది. ఆ తలుపు ఆమెదే. ఇప్పుడు ఈ మాట రాయనని మొరాయిస్తోంది. రాయి బిడ్డా, తిన్నావు కదా.

తర్వాత వాళ్ళలో వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. బొమ్మ గీసిన ఇంజినీరును లేపి అడిగారు. వాగు పొంగితే నీళ్ళు వచ్చే జాగా కాబట్టి వెనక వైపు ఏదీ కట్టకూడదని, షెడ్డు ఎట్లాగూ ఉండదని ఆయన చెప్పాడు. కాని రోడ్డు వైపు బండ్ల జాగాలో కొంత తగ్గిస్తే వంటగది పడుతుందని కూడా ఆయనే అన్నాడు. కార్పొరేటరమ్మ వదల్లేదు. ఇప్పుడు వండుతున్న సంఘానికే ఆ వంటగది ఇవ్వాలని కూడా అందులో రాయించింది. ఆఫీసరు మళ్ళీ లేచి చదివాడు, ఈసారి మెల్లగా, మధ్యమధ్యలో మా వైపు చూస్తూ.

"సమ్మతించే సభ్యులు చేతులెత్తండి."

అందరి చేతులూ లేచాయి. మేము మాత్రం అరచేతులు తొడల కింద పెట్టి, వాటి మీద గట్టిగా కూర్చున్నాం. వదిన పూర్తిగా మేలుకొని ఉంది. చేతులు లేస్తాయేమోనని ఒకరి మోచెయ్యి ఒకరం పట్టుకున్నాం కూడా. పెద్ద కుర్చీ సారు పైకి చూసి, "అమ్మా, ఇప్పుడెత్తుండ్రి. లెక్కల రాదు గని ఎత్తుండ్రి" అన్నాడు.

నేను కేసముద్రం పిల్లను చూశాను. "ఇది ఏ తీర్మానం బిడ్డా?"

"వంటగదిది పెద్దమ్మా."

"మళ్ళ చెప్పు."

"నీ పొయ్యిది."

అప్పుడు ఎత్తాను. ఇప్పటికీ భుజం నొప్పి పెడుతోంది, అంత ఎత్తాను.

షెడ్డు పోతుంది. వాగు గాలి పోతుంది, బగోనెలు తోమే బండ పోతుంది. మా ఆయన కట్టిన పొయ్యి ఇటుకలు మాత్రం కొత్త వంటగదికి మోసుకుపోతాను, గ్యాసు ఉన్నా సరే, ఏ మూలో పెట్టుకుంటాను. పని ఇంకా మొదలు కాలేదు. పిల్లలు అవే మెట్లు దిగి అవే గిన్నెలతో వస్తున్నారు.

ఆ వారం సంఘం మీటింగులో వదిన కాయితం చదివి "సమ్మతమేనా?" అంది. ఒక్క చెయ్యి లేవలేదు. చిక్కుడుకాయలు పక్కన పెట్టి అందరం ఆమె ముఖమే చూస్తున్నాం.

"ఏందే, ఏమైంది మీకు?"

"జర మళ్ళ చదువు వదినా," అన్నాను, "మెల్లగ."

ఆమె మళ్ళీ చదివింది. చాయ్ చల్లారిపోయింది.