బావ బండి కింద నల్లరంగు

నిన్న పొద్దున హసన్‌పర్తి రోడ్డులో వాటర్ సర్వీసింగ్ దగ్గరికి కారు కడిగించుకోవడానికి వెళ్లాను. నాకంటే ముందు ఒక పికప్ బండి ర్యాంపు ఎక్కి ఉంది. దాని అడుగుభాగం కొత్తగా వేసిన నల్లరంగుతో నిగనిగలాడుతోంది. చక్కగా ఉందని చూసి కుర్చీలో కూర్చునే మనిషిని కాను నేను. ఆ నిగనిగ చూస్తే నా కాళ్లు ఒకచోట నిలవవు. లేచి, వంగి, కిందికి దూరి, కారు తాళంచెవితో ఆ ఇనుమును తట్టబోయాను. పైపు పట్టుకున్నాయన నన్ను ఎగాదిగా చూసి, "సార్, మీ కారు గా పక్కకున్నది. గిది మీది కాదు" అన్నాడు. "తెలుసు తమ్మీ. ఓనరొస్తే రంగు కింద ఒక్కసారి గీకి చూసుకోమను" అన్నాను. పిచ్చోడనుకుని ఉంటాడు. అనుకోనీ.

ఈ జబ్బు నాకు అంటించింది మా బావ, అంటే మా అక్క భర్త. తొర్రూరు అవతల వాళ్ల ఊళ్లో ఆయనకొక పికప్ ఉండేది. వానకాలమంతా యూరియా బస్తాలు మోసేది. దసరా దాటగానే పొద్దున్నే పదిహేను, ఇరవై మంది ఆడవాళ్లను పత్తి ఏరడానికి చేన్లకు తీసుకెళ్లేది. వాళ్లలో మా అక్క కూడా ఉండేది. బండంటే బావకు ప్రాణం. దసరాకు అందరూ పైపైన కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి సరిపెడితే, ఆయన ముందురోజే గోనెసంచి పరుచుకుని బండి కిందికి దూరి అడుగంతా నల్లరంగు పూసేవాడు. పూజనాడు దాని కడుపు కూడా మెరవాలట! ఏటా పొర మీద పొర. కింద పట్టిన మట్టీ తుప్పూ గీకడమన్నది లేదు, పండుగ ముందు బండి ఒంటిమీద గీతలు పడకూడదని.

అప్పటికి నేను హనుమకొండలో ఒక కాలేజీ వర్క్‌షాపులో కొత్తగా చేరాను. ఇనుము కనిపిస్తే తట్టి చూడటం చేతికి అలవాటైంది. ఆ ఏటి దసరానాడు పూజ అయిపోయి అందరూ భోజనాలకు కూర్చోబోతుంటే, నేను ఊరుకోలేక స్పానరు పట్టుకుని బండి కిందికి దూరాను. మంచి ఇనుము ఖంగుమంటుంది. బండి బరువంతా మోసే ఇనుప దూలం వెనక చక్రం దగ్గర తడిగోడను తట్టినట్టు చప్పుడు చేసింది. దాని అడుగున ఉండాల్సిన చిన్న రంధ్రాలు కనిపించలేదు. తడిమి చూస్తే, గోడలకు పెట్టే లప్పంతో బావ వాటిని పూడ్చేశాడు. స్క్రూడ్రైవరు మొనతో ఒకటి ఊడబెరికాను. ఎర్రటి నీళ్లు నా ముఖం మీద పడ్డాయి.

"పండుగ పూట నా బండికి పొక్క పెడ్తానవేందిరా?" అని బావ కేక.

"పొక్క ఉండాలె బావా. లోపటి నీళ్లు ఎల్లిపోనీకె పెట్టిన్రు అవి. నువ్వు బందు చేస్తే అండ్లనే నిలిచి జంగు పట్టింది. దాని మీదికెళ్లి యూరియా, అది ఉప్పు లెక్క ఇనుమును తింటది."

"నీళ్లు లోపటికి పోవద్దనే కదరా బందు చేసింది! నీ కాలేజి సదువు కాలేజిలనే పెట్టుకో."

వాకిలి నిండా చుట్టాలు. అక్క మొగుణ్ని ఆయన వాకిట్లోనే, పండుగనాడు, నలుగురి ముందు తప్పుపట్టే బామ్మర్ది మా వైపు ఉండడు. ముఖం కడుక్కుని బంతిలో కూర్చున్నాను. సాయంత్రం జమ్మి ఆకు పెట్టి పెద్దల కాళ్లు మొక్కుతున్నా చూపు బండి మీదే. ఎల్లుండి నుంచే పత్తి ఏరడం. అక్కతో చెబితే, "నేను జెప్తే ఇంటడా? నువ్వే జెప్పు" అంది. బావతో మాట కలపబోతే పక్కకు తిరిగి బీడీ ముట్టించాడు. మర్నాడు రోజంతా వాకిట్లో పచార్లు చేశాను. నాకు భయమేసింది, అంతే.

మూడోనాడు పొద్దున ఆడవాళ్లంతా బండెక్కారు. నేనూ ఎక్కి, సరిగ్గా ఆ పుచ్చిన చోటి మీద, అక్క పక్కన కూర్చున్నాను.

"నువ్వెందుకు ఎక్కినవ్?" అన్నాడు బావ.

"అక్క పోతాంది కదా బావా. నేను గూడ వస్త."

రెండు చేతులతో పక్క కమ్మీని గట్టిగా పట్టుకున్నాను. బావ నా చేతుల వంక చూశాడు, అక్క వంక చూశాడు. ఇంజిను ఆపి, సీటు కింది నుంచి స్క్రూడ్రైవరు తీసుకుని తనే కిందికి దూరాడు. ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక ఎవరి ముఖమూ చూడకుండా, "అందరు దిగున్రి. ఇయ్యాల బండి పోదు" అన్నాడు. దూలంలోకి స్క్రూడ్రైవరు పిడిదాకా దిగిపోయిందని తర్వాత అక్కకు చెప్పాడట.

ట్రాక్టరుకు తాడు కట్టి తొర్రూరుకు లాక్కెళ్లాం. పుచ్చిన ముక్క కోసేసి కొత్త రేకు వెల్డింగు చేశారు. మిగతాదంతా బావే వారం రోజులు తీగబ్రష్షుతో తెల్ల ఇనుము కనబడేదాకా రుద్దాడు, కనుబొమ్మల నిండా తుప్పుపొడితో. ఎర్ర ప్రైమరు పూసి, బాగా ఆరాకే నల్లరంగు వేశాడు. లప్పం జోలికి మళ్లీ పోలేదు. యూరియా దించిన ప్రతిసారీ బండి కింద నీళ్లు కొట్టేవాడు. ఆ బండి అమ్మేసి చాలా ఏళ్లయింది. బావ ఇప్పుడు మనవల స్కూటర్ల కింద వంగి చూసి వాళ్లను సతాయిస్తుంటాడు.

నాకు మాత్రం ఇప్పటికీ కుదురు లేదు. నన్ను వేధించేది ఆ పొద్దు కాదు, అంతకు ముందటి ఏడు. ఆ పత్తికాలమంతా అదే దూలం మీద అక్కావాళ్లు పాటలు పాడుకుంటూ వెళ్లొచ్చారు. ఆ దసరాకు నేనూ వచ్చాను, వంగి చూసి, "బావా, బండి కొత్తదాన్లెక్క ఉన్నది" అని మెచ్చుకుని వెళ్లాను. జరిగిపోయిన ప్రమాదానికి ఒక రోజంటూ ఉంటుంది, ఏళ్లు గడిస్తే పాతబడుతుంది. జరగకుండా తప్పిపోయినదానికి ఏ రోజూ లేదు, నాకది ఎప్పుడూ రేపే.