బాపమ్మ ఊ కొట్టిన నవల

మా వాడలో ఎవరైనా దయ్యాల ముచ్చట మొదలుపెడితే లేచి లోపలికి వెళ్ళిపోయే రకం నేను. భయపడి కాదు, విసుగొచ్చి. చనిపోయినవాళ్ళు వచ్చారని చెప్పే ప్రతి మాట వెనకా ఒక గాలో, పిల్లో, ఎలుకో, జ్వరమో ఉంటుందని నా నమ్మకం. ఇప్పటికీ దాదాపు అదే నమ్మకం. కింద రాస్తున్న సంగతిలో ఆ ఎలుక ఎక్కడుందో మాత్రం నాకు ఇంకా దొరకలేదు.

మాది ధర్మాబాద్ తాలూకాలో, బాబ్లీకి దగ్గరగా ఒక చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. తెలుగు చదవడం నిజామాబాద్ నుంచి మా మేనమామ తెచ్చే వారపత్రికలు నేర్పాయి. మాకు భూమి లేదు. అమ్మా నాన్నా కూలికి పోతే ఇంట్లో నేనూ, మా నాన్న తల్లి బాపమ్మా మిగిలేవాళ్ళం.

బాపమ్మ బీడీలు చుట్టేది. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. బీడీలు చుట్టేవాళ్ళకు చేతులకూ కళ్ళకూ పని ఉంటుంది, చెవులే ఖాళీగా ఉంటాయి. ఆ చెవుల కోసం నేను చదివేదాన్ని. పాఠాలు, పత్రికలు, పొట్లం కట్టి వచ్చిన కాగితాలు, ఏవైనా.

కథ వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే నిద్రపోయారని లెక్క, చెప్పేవాళ్ళు కూడా ఆపేస్తారు. బాపమ్మ ఊ ఎప్పుడూ ఆగేది కాదు. ముక్కులోంచి సన్నగా మొదలై చివర కొంచెం పైకి లేచేది. దాని వెంటే దారం తెంపిన చప్పుడు.

డిగ్రీలో ఇంగ్లీషు తీసుకున్నాక ఒక పేజీ ఇంగ్లీషులో చదివి, అదే తెలుగులో చెప్పేదాన్ని. ఆమె రెండింటికీ ఊ కొట్టేది.

"ఇంగ్లీషుకు గూడ ఊ కొడ్తున్నవేందే బాపమ్మా? సమజైందా?" అని ఒకసారి ఏడిపించాను.

"సమజ్ గాకుంటే ఏంది? నువ్వు సెప్తున్నవ్ గద, నేను ఇంటున్న. కానియ్యి, ఆకు ఎండిపోతది."

ఈ అలవాటు నన్ను నాందేడ్‌లో పట్టించింది. ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి ఏడాది మొదటి సెమినార్. నలుగురి ముందు మాట్లాడాలంటేనే నాకు భయం. అయినా అంతా కంఠతా పట్టి వెళ్ళాను. ఒక వాక్యం చెప్పి ఆగాను. ఇంకొకటి చెప్పి ఆగాను. ఎందుకు ఆగుతున్నానో నాకే తెలియదు. మా మేడమ్ ప్రతిసారీ తలెత్తి చూసి, చివరికి, "మర్చిపోయావా? పర్లేదు, కూర్చో" అన్నారు. వెనక బెంచీలు నవ్వాయి. గదికి వచ్చి పడుకున్నాక తెలిసింది. నేను ఊ కోసం ఆగుతున్నాను.

ఇంటికి వెళ్ళినప్పుడు చెబితే బాపమ్మ చాట పక్కన పెట్టి మరీ నవ్వింది. "గంతమంది కూసున్నరు గద, ఒక్కడన్న ఊ అనలేదా? గేం సదువుకున్నోళ్ళే ఆళ్ళు!"

రెండో ఏడాది మాకు ఒక పెద్ద నవల ఉంది. పేరు ఇక్కడ అవసరం లేదు. చలి దేశంలో కొండ మీద పిండిగిర్ని నడిపే ఒక విధవ, ఓడ ఎక్కి వెళ్ళిపోయిన ఆమె కొడుకు. కథంతా ఆ కొడుకు వస్తాడా రాడా అన్నదే. శనివారాలు ధర్మాబాద్ బండి ఎక్కేదాన్ని. ఉమ్రి స్టేషన్ దాటిన దగ్గర నుంచీ, బాపమ్మకు ఈసారి ఎక్కడి దాకా చెప్పాలా అని ఆలోచించేదాన్ని. గుమ్మంలో చెప్పులు విడవక ముందే ఆమె అడిగేది, "పోరడు అచ్చిండా?"

పత్తి ఏరే రోజుల్లో బాపమ్మ పోయింది. రెండు రోజుల జ్వరం. నేను చేరేసరికి వాకిట్లో జనం ఉన్నారు. పుస్తకం నా సంచిలోనే ఉంది. కొడుకు ఇంకా సముద్రం మీదే ఉన్నాడు.

ఆ తర్వాత ఆ నవల తెరవలేకపోయాను. మిగతా పేపర్లు చదివాను, దాన్ని మాత్రం పెట్టె అడుగున పెట్టాను. తీరా మేడమ్ సెమినార్లు పంచినప్పుడు నాకు వచ్చింది ఆ నవల ముగింపే. ఇంకెవరికైనా ఇమ్మని అడగడానికి వెళ్ళి, తలుపు దగ్గర నిలబడి తిరిగి వచ్చేశాను. ఆమే పిలిచి చెప్పారు, "ఈసారి కూర్చోమనను. నిలబడి పూర్తి చేయాల్సిందే. లేకపోతే ఇంటర్నల్ మార్కులు లేవు."

నేను ఉండేది కోచింగ్ క్లాసుల వీధి వెనక, ఒక ఇంటి మేడ మీద గది. కింద ఇల్లుగలావిడ ఉంటారు. ఆమె మరాఠీ మనిషి, మేమంతా కాకూ అంటాం, పిన్నీ అన్నట్టు. నా గదిలో ఉండే అమ్మాయి పెళ్ళికని ఊరెళ్ళింది. ఒక మధ్యాహ్నం కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. కిటికీ దగ్గర కూర్చుని ఆపిన చోటి నుంచి చదవడం మొదలుపెట్టాను. గట్టిగా చదవకపోతే నాకు బుర్రకెక్కదు.

రెండో వాక్యం చివర, ఊ.

పావురం అనుకున్నాను. కిటికీ రెక్క తీసి చూశాను. గోడ మీద ఎండ తప్ప ఏమీ లేదు. మళ్ళీ చదివాను. మళ్ళీ ఊ. సన్నగా మొదలై చివర పైకి లేచింది. వెంటనే దారం తెంపిన చప్పుడు.

భయం వేసిందంటే అబద్ధం. నాకు ఏడుపొచ్చింది. కానీ నా బుద్ధి నాకుంది కాబట్టి పరీక్షించాను. మనసులో చదివితే ఏమీ లేదు. మరాఠీ పేపరు గట్టిగా చదివాను, లేదు. వేరే సబ్జెక్టులో ఉన్న పద్యం చదివాను, లేదు. నవల ఒక పేజీ దాటేసి ముందుకు చదివితే లేదు. దాటిన పేజీకి తిరిగొస్తే ఉంది. బాపమ్మకు ఊర్లో చదివి వినిపించిన పాత పేజీలు తీశాను. ఎంతసేపు చదివినా గదిలో నా గొంతు ఒక్కటే.

అంటే ఆమె విననివే కావాలి. వరసగా కావాలి. ఇది నేను ఆ రోజే డైరీలో రాసుకున్నాను, తర్వాత కల్పించుకున్నది కాదు.

నా ఒక్కదాని చెవికే అయితే, దిగులు వల్ల అనుకుని ఊరుకునేదాన్ని. మర్నాడు కాకూ మెట్లెక్కి వచ్చింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఉంది.

"అగ పోరీ, ఖోలీత్ బీడీ కోణ్ ఓఢతం?"

గదిలో బీడీ ఎవరు తాగుతున్నారని. నేను గబుక్కున కిటికీ దగ్గరున్న నవల వైపు చూశాను. అది చూసి ఆమె అనుమానం గట్టిపడింది. నా చేతులు వాసన చూసింది. దిండు ఎత్తింది. స్టవ్ వెనక చూసింది. "మా ఆయన్ని ముప్పై ఏళ్ళుగా గుమ్మం బయటే తాగిస్తున్నా, తెలుసా! నోట్లో నాలుక లేని పిల్లవని గది ఇస్తే..." అని మరాఠీలో దులిపింది. ఏమీ దొరకలేదు. గదిలో పొగ లేదు. తాగిన బీడీ వాసన కాదది, చాటలో ఆరిన పచ్చి తంబాకు వాసన. నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు కాబట్టి తెలియలేదు. కాకూ అన్నాకే ముక్కుకు తగిలింది.

అప్పటి నుంచి నేను పిసినారినయ్యాను. చదవాల్సిన పేజీలు తక్కువే మిగిలాయి. ప్రతి ఊకీ పుస్తకం ఒక వాక్యం తరిగిపోతోంది. రోజుకు ఒక పేజీ చదివాను, తర్వాత సగం. కొన్నిసార్లు ఒక్క వాక్యం చదివి, ఊ విని, పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. నవల పూర్తయితే బాపమ్మ వెళ్ళిపోతుందని నాకు ఎవరూ చెప్పలేదు. అయినా తెలుసు. సెమినార్ పోతే పోనీ అని కూడా అనుకున్నాను. మేడమ్ ముందు మళ్ళీ తల దించుకోవడం పెద్ద కష్టం కాదు, ఆ అలవాటు ఉంది.

అలా ఉండగా అమ్మ ఫోన్ చేసింది. గొంతు విని, ఎందుకట్ల ఉన్నవని అడిగింది. బాపమ్మ యాదికొస్తుందని మాత్రం చెప్పాను. అప్పుడు చెప్పింది అమ్మ.

"ముసల్ది ఆఖరికి గూడ నీ కతే అడిగింది బిడ్డా. కండ్లు మూసుకొనే, 'పోరి రాలే? గా గిర్నామె కొడుకు ఇంటికి అచ్చిండా లేదా?' అన్నది. నాకేం ఎరుక? నీ మన్మరాలు అచ్చి సెప్తది తియ్యి అన్న."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. నేను ఆమెను నా దగ్గర ఉంచుకుంటున్నాననుకున్నాను. ఆమె మాత్రం జవాబు కోసం నిలబడి ఉంది.

మర్నాడు మధ్యాహ్నం స్నానం చేసి కూర్చున్నాను. ఆపకుండా చదివాను. ఒక్కో పేజీ ఇంగ్లీషులో, ఆ వెంటనే తెలుగులో, ఊర్లో చదివినట్టే. ఊ ఎక్కడా తప్పలేదు. చివరి పేజీలో కొడుకు కొండెక్కి వస్తాడు. గిర్ని ఆగి ఉంటుంది. తల్లి ఉండదు. అతను తలుపు తీసి, ఆమె కూర్చునే చోట కూర్చుంటాడు. అంతే, కథ అయిపోతుంది.

తెలుగులో చెప్పాల్సి వచ్చేసరికి ఆగాను. వచ్చాడు, తల్లిని చూశాడు, ఇద్దరూ కలిసి అన్నం తిన్నారు అని మార్చి చెప్పొచ్చు. ఆమెకు ఇంగ్లీషు రాదు కదా. నోటి దాకా వచ్చింది కూడా.

"పోరడు అచ్చిండు బాపమ్మా" అన్నాను. "గని, జర ఆలస్యంగ అచ్చిండు."

దానికి ఒక ఊ వచ్చింది. ఎప్పటిలా పైకి లేవలేదు, నెమ్మదిగా కిందికి దిగింది.

అట్ట మీద చేయి పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. గదిలో సబ్బు వాసన, ఎండ వాసన తప్ప ఇంకేమీ లేవు. మంచినీళ్ళ కోసం కిందికి దిగాను. కాకూ మెట్ల పక్కన మెంతికూర ముందేసుకుని ఆకు గిల్లుతోంది. తల ఎత్తకుండానే అంది, "మీ నాయనమ్మ వచ్చిందని చెప్పొద్దూ? బీడీల వాసన ఆమెదన్నమాట. ముసలివాళ్ళ మీద నాకేం కోపం? చాయ్ తాగి పొమ్మంటే ఆగకుండా వెళ్ళింది."

బాపమ్మ పోయిందని నేను ఆమెకు చెప్పలేదు. ముఖం చూశారా అని అడిగాను. లేదు, కూర చూసుకుంటున్నాను, పక్క నుంచి చీర అంచు కనబడిందంది. ఏదో అంటూ దిగిందట, తెలుగు కాబట్టి అర్థం కాలేదట. "అంటే ఏమిటి?" అని, ఆ మాటలు తన మరాఠీ యాసలో, ఒక్కొక్కటే పేర్చుకుంటూ చెప్పింది.

"మంచిగ... సదివింది... పిల్ల."

బతికి ఉండగా బాపమ్మ నన్ను ఒక్కసారి కూడా అలా అనలేదు. మా ఇళ్ళల్లో పిల్లల్ని మొహం మీద మెచ్చుకోరు.

సెమినార్ ఇచ్చాను. ఎంత బాగా ఇచ్చానో నాకు తెలియదు, నిలబడి పూర్తి చేశాను. తర్వాత ఎన్నో కారణాలు వెతికాను. కాకూ ఆ మాటలు నా ఫోన్లలో విని ఉండొచ్చు. చాపలమ్మే తెలుగు ముసలమ్మ ఎవరో మేడ దాకా వచ్చి దిగి ఉండొచ్చు. వాసన పక్కింటి నుంచి రావచ్చు. ఊ మాత్రం నా తలలోదే కావచ్చు. ఒక్కొక్కటీ విడిగా కుదురుతుంది. అన్నీ కలిపి చూస్తే నాకు కుదరడం లేదు.

కొన్నాళ్ళు ఏదో ఒక వంకతో కాకూని ఆ మాట మళ్ళీ చెప్పమని అడిగేదాన్ని. ఆమె విసుక్కోకుండా చెప్పేది. కానీ చెప్పిన ప్రతిసారీ ఒక అక్షరం జారిపోయేది, యాస ఇంకాస్త మరాఠీ అయ్యేది, బాపమ్మ ఇంకాస్త దూరం జరిగేది. అందుకే ఇప్పుడు అడగడం మానేశాను.