తలుపు చూసిన మనిషి

ఇప్పటికీ ప్రార్థనకు కళ్ళు మూసుకోబోతుంటే నాకు ఓ బస్సు తలుపు గుర్తొస్తుంది.

ఫ్యాక్షన్ రోజులవి, పైగా ఎన్నికలు దగ్గరపడ్డాయి. క్యాన్సర్ మందులకు జుట్టు రాలిపోయిన తలకు కొంగు చుట్టుకుని, పులివెందులలో ప్రొద్దుటూరు బస్సెక్కాను. చివరి సీటే ఖాళీగా ఉంది. పక్కనున్న యాభై దాటిన మనిషి జమ్మలమడుగుకు టికెట్ తీసుకున్నాడు. వెనక ఎవరూ ఉండకూడదనే అక్కడ కూర్చున్నట్టున్నాడు. ఎక్కే ప్రతి ముఖాన్నీ పరీక్షగా చూస్తున్నాడు.

బస్సు కదలగానే చేతులు జోడించి కళ్ళు మూసుకున్నాను.

“దేవున్ని ఏం అడుగుతాండావమ్మా?” అన్నాడు.

“ఏమీ అడగనన్నా. ఊరికే ఆయన దగ్గర కూచుంటా. నొప్పి పోదు గానీ భయం తగ్గుతాది.”

ఆయన మళ్ళీ తలుపు వైపు చూశాడు.

“నేను బస్సులో కండ్లు మూసి పదేండ్లాయ. నువ్వు మూసుకోమ్మా. తలుపు నేను చూస్తాండా.”

నాకు నవ్వొచ్చింది. నా శత్రువు తలుపులోంచి వచ్చేది కాదు. అయినా ఆ మాట విన్నాక, చాలా రోజులకు, ఒళ్ళు తేలికై మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ప్రొద్దుటూరు వచ్చేసింది. ఆయన ఇంకా తలుపు వైపే చూస్తున్నాడు.

“జమ్మలమడుగు ఎప్పుడో దాటిపోయింది కదన్నా!”

“నేను దిగిపోతే తలుపు ఎవరు చూస్తారమ్మా?”